ఇంటి వెనక గ్యాస్ బావి ఉంది, డెంటన్ కౌంటీలో ఈ ఇల్లు కొనొచ్చా?

రాజోలోడు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఇప్పుడు టెన్షన్‌లో ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

డాలస్‌కి ఉత్తరాన డెంటన్ కౌంటీలో ఒక ఇల్లు చూశాం. స్కూళ్లు మంచివి, రేటు మాకు అందేలా ఉంది, తూర్పు ముఖం. వంటగదిలో కాలు పెట్టగానే మా ఆవిడ ఖాయం చేసేసింది. కాకపోతే వెనక కంచె దాటాక, ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత దూరంలో, ప్రహరీ కట్టిన స్థలం ఒకటి ఉంది. లోపల మూడు ట్యాంకులు, నేలలోంచి పైకి వచ్చిన పైపులు. ఏజెంట్‌ని అడిగితే "అవి పాత గ్యాస్ బావులు, ఏం పట్టించుకోకండి" అన్నాడు.

మా నాన్న పట్టించుకున్నారు. విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. మాది రాజోలు దగ్గర ఊరు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి బ్లోఔట్ అయినప్పుడు నాకు ఆరేళ్లు. 65 రోజులు మండింది. రాత్రి పెరట్లోకి వెళ్తే ఆకాశం ఒక పక్కంతా ఎర్రగా ఉండేది, కొబ్బరి చెట్ల నీడలు మా గోడ మీద ఊగేవి. నాకు గుర్తున్నది అంతే. నాన్నకి ఇంకా చాలా గుర్తుంది. ఆ ట్యాంకులు కనబడగానే ఆయన కారు దిగలేదు. "లోపల చూడక్కర్లేదు, పద" అన్నారు.

ఇది చాలదన్నట్టు, కాగితాల్లో "ఖనిజ హక్కులు ఈ అమ్మకంలో చేరవు" అని ఒక లైను ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి. నాన్నది చాదస్తమా, నాది తెలివితక్కువతనమా?

వాస్తుబాబు:
బావి ఏ మూల ఉంది అన్నా? ఈశాన్యంలో అయితే శుభమేగా 😀

రాజోలోడు:
ఆగ్నేయంలో. అగ్ని మూల. నవ్వొచ్చే పరిస్థితి లేదు బ్రో.

మిడ్‌ల్యాండ్‌మామ:
నేను వెస్ట్ టెక్సస్‌లో ప్రొడక్షన్ ఇంజనీర్ని, తొమ్మిదేళ్లుగా ఇదే పని. ముందు మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. పాశర్లపూడి బావికీ, మీ ఇంటి వెనక బావికీ చుట్టరికం తక్కువ.

కోనసీమలో గ్యాస్ ఎక్కువగా ఇసుకరాతి పొరల్లో, రంధ్రాలున్న రాయిలో, పెద్ద ఒత్తిడితో ఇరుక్కుని ఉంటుంది. బొక్క పడితే చాలు, తనంతట తానే తన్నుకుని వస్తుంది. అదుపు తప్పితే ఏమవుతుందో మీరు చూశారు. మీ ఇంటి కింద ఉన్నది బార్నెట్ షేల్. షేల్ అంటే బురద గట్టిపడి రాయైన పొర. గ్యాస్ ఉంటుంది గానీ కదలదు. 1981లో జార్జ్ మిచెల్ కంపెనీ ఇక్కడ మొదటి బావి తవ్వాక, దీన్నుంచి లాభం తీయడానికి 1990ల చివరిదాకా పట్టింది. చిక్కటి జెల్ మానేసి, పల్చటి నీళ్లను ఇసుకతో కలిపి భారీ ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టాక గానీ దారికి రాలేదు. ఆ తర్వాత బావిని అడ్డంగా తిప్పడం కూడా తోడయింది. ఇవాళ మనం ఫ్రాకింగ్ అంటున్నది ఈ రెండింటి కలయికనే.

ఇంకో సంగతి. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా నీరసిస్తుంది. అక్కడి బావులు పదేళ్లు దాటినవైతే ఇప్పుడు ముక్కుతూ మూలుగుతూ ఉంటాయి. ఎగిసిపడేంత ఊపిరి వాటికి లేదు.

ఖనిజ హక్కుల గురించి: ఇండియాలో భూమి అడుగున ఉన్న చమురు, గ్యాస్ ప్రభుత్వానివి. టెక్సస్‌లో అవి ఆస్తి. విడిగా అమ్ముకోవచ్చు, వారసులకి రాయొచ్చు. పైన ఇల్లు మీది, కింద గ్యాస్ ఇంకెవరిదో. చట్టం కిందివాడి వైపే మొగ్గుతుంది, తన గ్యాస్ తీసుకోడానికి అవసరమైన మేరకు మీ నేలను వాడుకునే హక్కు అతనికి ఉంటుంది. కాబట్టి ఆ కిందివాడు "పై నేల వాడను" అని రాసిచ్చాడా లేదా చూడండి. దీన్ని సర్ఫేస్ వేవర్ అంటారు. ఆస్తి హక్కుల కాగితాలు వెతికిపెట్టే టైటిల్ కంపెనీని అడిగితే తీసి ఇస్తారు.

గోదావరిఖనోడు:
మామా, బావి ముసలిది కాబట్టి భయం లేదంటారు, బానే ఉంది. మా దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వచ్చినప్పుడూ ఇట్లనే చెప్పారు, "దుమ్ము మీ దాకా రాదు" అని. ఇప్పుడు ఆరేసిన బట్టలు నల్లగ తిరిగొస్తయి.

పెన్సిల్వేనియాలో డిమాక్ అని ఒక పల్లె ఉంది. 2009 జనవరి 1న ఒకామె ఇంటి మంచినీళ్ల బావి పేలి, పైన ఉన్న సిమెంట్ పలక ఎగిరిపడింది. నీళ్లలోకి మీథేన్ చేరింది. డ్రిల్లింగ్ చేసిన కంపెనీ ఏళ్ల తరబడి కాదంటూ వచ్చి, చివరికి 2022లో క్రిమినల్ కేసులో అభియోగాన్ని వ్యతిరేకించబోమని కోర్టులో చెప్పింది. ఇంకోటి వినండి. 2005లో అమెరికా చేసిన ఇంధన చట్టం ఫ్రాకింగ్‌ని మంచినీటి రక్షణ చట్టం పరిధి నుంచి తప్పించింది, డీజిల్ వాడితే తప్ప. అంత సేఫ్ అయితే ఆ మినహాయింపు దేనికి?

పాతరిగ్గు:
నేను రాజమండ్రిలో ఉంటానండి. రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు రిగ్గుల మీదే గడిచింది. ఇద్దరూ సగం సగం చెప్పారు.

రాయి పగిలేది రెండు వేల మీటర్ల కిందండి. మీరు తాగే నీళ్లు వందల అడుగుల్లో. మధ్యలో ఉన్న బండలన్నీ చీల్చుకుని పగులు పైకి రావడం అనేది నేను నమ్మను. మరి గ్యాస్ పైకెలా వస్తుంది? గొట్టం పక్కనుంచి. బావి తవ్వాక ఇనప గొట్టం దింపుతాం, అది కేసింగ్. గొట్టానికీ రాతికీ మధ్య సందులో సిమెంట్ పంపుతాం. ఆ సిమెంట్ సరిగ్గా పట్టకపోతే, ఎక్కడో మధ్య పొరలో ఉన్న గ్యాస్‌కి అది లిఫ్టు పెట్టినట్టే. డిమాక్‌లో జరిగింది ఆ కోవదే. 2014లో అమెరికన్ పరిశోధకులు మార్సెలస్ (పెన్సిల్వేనియా వైపు షేల్), బార్నెట్ రెండు చోట్లా పాడైన నీటి బావుల్లోని గ్యాస్‌ని పరీక్షించి ఇదే చెప్పారు: కారణం పగుళ్లు కాదు, కేసింగూ సిమెంటూ.

నా సర్వీసులో ఒక బావి దగ్గర సిమెంట్ పోశాక గట్టిపడేదాకా ఆగాలని నేను, రిగ్గు అద్దె రోజుకి ఎంతో తెలుసా అని పైవాళ్లు. ఆగలేదు. ఆర్నెల్లకి ఆ బావి తల దగ్గర బుడగలు. ఏ బావో, ఎక్కడో చెప్పను. ప్రపంచంలో ఎక్కడైనా తొందర తొందరేనండి.

కాబట్టి బాబూ, నువ్వు అడగాల్సింది "ఫ్రాకింగ్ చేశారా" అని కాదు. చేశారు, చేయకపోతే ఆ రాయి గ్యాస్ ఇవ్వదు. ఆ ఇంటికి నీళ్లు సిటీ పైపువా, సొంత బోరువా? సిటీవైతే ఈ గొడవలో సగం నీకు లేదు.

రాజోలోడు:
సిటీ నీళ్లే బాబాయి గారూ. మీ పోస్టు మొత్తం నాన్నకి చదివి వినిపించాను. సిమెంట్ దగ్గర తలూపారు. తర్వాత ఒకటి అడిగారు: "పగలగొట్టడానికి ఇన్ని నీళ్లు పంపుతారు కదా, ఎన్ని? అవి తర్వాత ఏమవుతాయి?"

మిడ్‌ల్యాండ్‌మామ:
మీ నాన్నగారు రైతేనా? సరైన చోట పట్టుకున్నారు.

అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం ఒక్కో బావికి 15 లక్షల గ్యాలన్ల నుంచి కోటి 60 లక్షల గ్యాలన్ల దాకా పడుతుంది. మన లెక్కలో సుమారు 57 లక్షల నుంచి 6 కోట్ల లీటర్లు. ఎకరం వరికి ఒక పంటకి దాదాపు 50 లక్షల లీటర్లు పోతాయనుకుంటే, చిన్న బావి ఎకరం చేను తాగినంత, పెద్దది పన్నెండెకరాలు తాగినంత తాగుతుంది. గోదారి గట్టున ఇది పెద్ద లెక్క కాదు. మా మిడ్‌ల్యాండ్ లాంటి ఎడారిలో పెద్దదే. పైగా పొలానికి పెట్టిన నీళ్లలో కొంత నేలలోకి ఇంకుతుంది, ఆవిరై మళ్లీ వానై రాలుతుంది. ఇది అలా కాదు.

అసలు తలనొప్పి రెండో ప్రశ్న దగ్గరుంది. పంపిన నీళ్లలో కొంత వెనక్కి వస్తుంది. దానితోపాటు కోట్ల ఏళ్లుగా ఆ రాళ్లలో ఉన్న పాత సముద్రం కూడా వస్తుంది. మా దగ్గర ఒక పీపా చమురు తీస్తే మూడు నాలుగు పీపాల ఉప్పునీరు. మామూలు సముద్రపు నీటికి మూడు రెట్లు ఉప్పగా ఉండటం ఇక్కడ మామూలే. అందులో బెంజీన్ అనే విష రసాయనం, కొన్నిచోట్ల రేడియోధార్మిక రేడియం. శుద్ధి చేయొచ్చు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని ఇంకో లోతైన బావి తవ్వి, అందులోకి తోసేస్తారు. బార్నెట్‌లో అయితే దాని కిందే ఉన్న ఎలెన్‌బర్గర్ అనే సున్నపురాతి పొరలోకి.

నిజం చెప్పాలంటే మా కంపెనీలో నా పని సగం చమురు మనిషిది, సగం ఉప్పునీళ్ల మనిషిది. పార్టీల్లో ఎవరికీ అలా చెప్పుకోను.

ఇర్వింగ్ ఇల్లాలు:
ఆ తోసేసిన నీళ్ల సంగతి నేను చెప్తాను.

2015 జనవరి మొదటి వారం, మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. సాయంత్రం పోపు వేస్తుంటే గిన్నెలు గలగలమన్నాయి. పై ఫ్లోర్ పిల్లలు దూకుతున్నారేమో అనుకున్నాను. కాసేపటికి మళ్లీ. అంతే, మా కాలనీ వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. "నీకు ఊగిందా?" "మా దేవుడి గూట్లో దీపం పడింది." ఆ ఒకటి రెండు రోజుల్లో పదికి పైగా వచ్చాయి, అన్నిటికన్నా పెద్దది 3.6. కూలిపోయేంత కాదు. కానీ డాలస్‌లో భూకంపం అంటే ఇండియాలో ఎవరూ నమ్మలేదు. మా అత్తగారైతే "కాలిఫోర్నియా వెళ్లారా, చెప్పకుండా?" అని అడిగారు.

తర్వాత సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి మా చుట్టుపక్కల యంత్రాలు పెట్టారు. 2017లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో చదివాను: ఫోర్ట్‌వర్త్ బేసిన్‌లో, అంటే మా ప్రాంతం కింది రాతి పొరల్లో, ఇప్పుడు కదిలిన సహజమైన పాత పగుళ్లు (ఫాల్టులు) 30 కోట్ల ఏళ్లుగా కదలకుండా పడున్నాయట. 2008లో ఎయిర్‌పోర్ట్ దగ్గర మొదలైంది ఈ వరస. మరి అన్నాళ్లు పడుకున్నదాన్ని లేపిందెవరు?

మిడ్‌ల్యాండ్‌మామ:
మేడమ్, ఇర్వింగ్‌కి ఆనుకుని ఉప్పునీరు పంపే బావి ఏదీ లేదు, ఉన్నవి మైళ్ల దూరంలో. అందుకే అక్కడ చాలాకాలం వాదన నడిచింది. కానీ ఓక్లహోమా కేసులో వాదనకి చోటు లేదు, మా ఇండస్ట్రీ వాడిగా ఒప్పుకుంటున్నాను. 2009కి ముందు అక్కడ 3 దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015లో దాదాపు 900. 2016 సెప్టెంబర్‌లో పానీ దగ్గర 5.8 వచ్చింది. నీళ్లు తోయడం తగ్గించాక అవీ తగ్గాయి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? 2021లో మా మిడ్‌ల్యాండ్ దగ్గర కూడా భూకంపాలొచ్చి రైల్‌రోడ్ కమిషన్ కోతలు పెట్టింది.

వాస్తుబాబు:
భూకంపాలకి రైల్వే వాళ్లేంటి అన్నా మధ్యలో?

మిడ్‌ల్యాండ్‌మామ:
టెక్సస్ వింత అది. చమురు, గ్యాస్‌ల మీద పెత్తనం ఆ సంస్థది. పేరు పాతది మిగిలింది, రైళ్లతో ఇప్పుడు సంబంధం లేదు. అయితే దాని వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంది, చాలా పనికొస్తుంది. రాజోలోడు గారూ, మీ ఇంటి అడ్రస్ కొట్టండి. చుట్టూ ఎన్ని బావులు, ఏవి పనిచేస్తున్నాయి, ఏవి మూసేశారు, పైప్‌లైన్లు ఎటు పోతున్నాయి, ఉప్పునీటి బావులెక్కడున్నాయి, అన్నీ కనబడతాయి. పైసా ఖర్చు లేదు.

డెంటన్‌పూర్వవిద్యార్థి:
ఈ థ్రెడ్‌లో నేను లేకపోతే ఎలా! 2014లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో ఎమ్మెస్ చేశాను. అదే ఏడాది నవంబర్‌లో డెంటన్ ఊరివాళ్లు ఓటేసి ఊళ్లో ఫ్రాకింగ్ నిషేధించారు. 59 శాతం దాకా నిషేధానికే వేశారు. కంపెనీల వైపు నుంచి ప్రచారానికి డబ్బు వరదలా వచ్చింది, అయినా ఓడిపోయారు. మా రూములో నలుగురం రోజూ దాని గురించే వాదించుకునేవాళ్లం, వీసా మీద ఉన్నవాళ్లం కాబట్టి ఓటు ఒక్కరికీ లేదు. 2015 మేలో రాష్ట్రం చట్టం చేసింది: నేల కింద జరిగేది రాష్ట్రం చూసుకుంటుంది, ఊళ్లకి ఆ అధికారం లేదు అని. నిషేధం ఆర్నెల్లే బతికింది.

అందుకని అన్నా, "సిటీ వాళ్లు చూసుకుంటారులే" అని మాత్రం అనుకోవద్దు. దూరం, శబ్దం, ట్రాఫిక్ లాంటివే వాళ్ల చేతిలో ఉన్నాయి.

డిష్ అనే ఊరు కూడా మీ కౌంటీలోనే ఉంది. అసలు పేరు క్లార్క్. పదేళ్లు టీవీ ఫ్రీగా ఇస్తామంటే 2005లో ఊరి పేరే మార్చుకున్నారు. ఆ టీవీ ఊరి చుట్టూ గ్యాస్ కంప్రెసర్లు, అంటే గ్యాస్‌ని ఒత్తి పైప్‌లైన్లలోకి నెట్టే యంత్రాలు, వచ్చాయి. 2009లో గాలి పరీక్ష చేయిస్తే బెంజీన్ బయటపడింది. తర్వాత రాష్ట్ర ఆరోగ్య శాఖ ఊరివాళ్ల రక్తం, మూత్రం పరీక్షించి, ఊరంతటికీ ఒకేలా సోకిందనడానికి ఆధారం లేదంది. ఎవర్ని నమ్మాలో అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. ఇల్లు కొనేముందు కంప్రెసర్ ఎక్కడుందో మాత్రం చూసుకోండి. బావి కన్నా అదే ఎక్కువ రొద.

గోదావరిఖనోడు:
అందరూ ఇంటి గోడ దాకే చూస్తున్నరు. మీథేన్ సంగతేంది? ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, అమెరికాలో తీసిన గ్యాస్‌లో 2.3 శాతం గాలిలోకే కారుతోందని తేలింది. ప్రభుత్వం చెప్పినదాని కంటే అది 60 శాతం ఎక్కువ.

మిడ్‌ల్యాండ్‌మామ:
తమ్ముడూ, అదే గ్యాస్ వల్ల బొగ్గు కరెంటు పోయింది కదా. 2005లో అమెరికా కరెంటులో సగం బొగ్గుది, 2023కి ఆరో వంతు. బొగ్గు ఊరివాడివి, నీకు నేను చెప్పాలా? కారేదాన్ని ఆపొచ్చు. కెమెరాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి.

గోదావరిఖనోడు:
ఆపొచ్చు, కానీ ఆపుతున్నరా? అడుగుతున్నది అదే.

నిర్వాహకుడు:
వాతావరణం వాదన ఈ ఇద్దరి మధ్యా ఇంకో ఇరవై పోస్టులు సాగింది. దాన్ని వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ ఇల్లు గురించి, బావుల గురించి మాట్లాడండి.

మంచుకొండ:
ఫోర్ట్ మెక్‌మర్రీ, కెనడా నుంచి. మీవన్నీ కనబడని కష్టాలు. మా దగ్గర అంతా కళ్లెదుటే. ఇక్కడ చమురు ఇసుకలో తారులా అంటుకుని ఉంటుంది. పై పొరల్లో ఉంటే అడవి నరికి, నేల తవ్వి, వేడినీళ్లతో కడుగుతారు. లోతులో ఉంటే ఆవిరి పంపి కరిగించి తోడతారు. కడిగిన బురదనీళ్లు చెరువుల్లా నిలవ చేస్తారు. 2008లో అలాంటి ఒక చెరువు మీద వాలి 1,600 బాతులు చచ్చిపోయాయి. పక్షులు వాలకుండా ఇక్కడ ఫిరంగుల్లాంటివి పేలుస్తుంటారు, దీపావళి గుర్తొస్తుంది. జీతం బాగుంటుంది. అబద్ధం ఎందుకు, దాని కోసమే ఉన్నాను.

రాజోలోడు:
థాంక్స్ అందరికీ. పాతరిగ్గు బాబాయి గారూ, నాన్న ఇంకోటి అడగమన్నారు. ఈ షేల్ మన గోదావరి జిల్లాల కింద కూడా ఉందా? ఉంటే మన దగ్గరా ఇలాగే తవ్వుతారా?

పాతరిగ్గు:
ఉందండి. పశ్చిమ గోదావరి కింద రాఘవాపురం షేల్ అంటాం, ఇంకా పాతది కొమ్ముగూడెం పొర. మన కేజీ బేసిన్ గ్యాస్‌లో చాలాభాగం పుట్టినిల్లు అవే. పుట్టి, పైకి పాకి, ఇసుకరాళ్లలో చేరింది. ఇన్నాళ్లూ మనం తోడింది పాకి వచ్చినదాన్నే. షేల్ గ్యాస్ అంటే పుట్టింట్లోనే ఉండిపోయినదాన్ని బయటికి లాగడం.

ఓఎన్‌జీసీ 2011లో బెంగాల్లోని రాణిగంజ్ దగ్గర షేల్ నుంచి మొదటిసారి గ్యాస్ చూసింది. 2013లో కేంద్రం పాలసీ ఇచ్చింది. కాంబే, కేజీ, కావేరీల్లో పరీక్ష బావులు తవ్వారు. ఇరగదీసిన బావి ఒక్కటీ లేదు. మన పొరలు అమెరికా పొరల్లా సాఫీగా పరిచిన చాపలు కావండి, ముక్కలు ముక్కలుగా విరిగి, వేడెక్కి ఉంటాయి.

ఇంకోటి కూడా ఉంది. మామ చెప్పాడు కదా, షేల్ బావి ఏడాదిలో నీరసిస్తుందని. అంటే ఉత్పత్తి నిలబడాలంటే తవ్వుతూనే ఉండాలి. టెక్సస్‌లో వేల బావులు తవ్వడానికి చోటుంది. కోనసీమలో కాలువ గట్టు మీద సైకిలు తిప్పుకోవాలంటేనే ఎవరో ఒకరి దొడ్లోకి వెళ్లాలి. ఒక్కో ఫ్రాక్‌కి వందల లారీలు. ఆ లంక రోడ్ల మీద లారీ లారీ ఎదురైతే ఏమవుతుందో మీ నాన్నగారికి తెలుసు. పైగా ఆ ఉప్పునీరు ఎక్కడికి తోస్తారు? డెల్టాలో అసలే కొన్ని చోట్ల బోరు వేస్తే ఉప్పు తగులుతోంది.

కావేరి డెల్టాలో రైతులు ఇదే అడిగారు. మన్నార్‌గుడి దగ్గర బొగ్గు పొరల్లోంచి మీథేన్ తీస్తామంటే సేంద్రియ వ్యవసాయం కోసం పనిచేసిన నమ్మాళ్వార్ గారు దాన్ని వద్దంటూ ఊరూరా తిరిగారు. బొగ్గు మీథేన్ తీయాలంటే ముందు ఆ పొరలో నీళ్లన్నీ తోడెయ్యాలి మరి, వరి నేలలో. ఆ పథకం ఆగిపోయింది. 2020లో తమిళనాడు ఆ డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టమే చేసింది. మన దగ్గర అలాంటిది లేదు.

డెంటన్‌పూర్వవిద్యార్థి:
కాకినాడ సముద్రంలో మండే మంచు ఉందని చదివాను, అదేంటి గురూగారూ?

పాతరిగ్గు:
గ్యాస్ హైడ్రేట్ అండి. మీథేన్ చుట్టూ నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. 2006లో కేజీ బేసిన్ సముద్రంలో తవ్వితే ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన దొరికింది. 2015లో మళ్లీ వెళ్లారు. ఉంది, చాలా ఉంది. లాభసాటిగా తీయడమే ఎవరికీ చేతకాలేదు. 2013లో జపాన్ వాళ్లు ప్రయత్నిస్తే ఆరు రోజులకి బావిలో ఇసుక నిండింది. ఒత్తిడి తగ్గించి కరిగిస్తే, దాన్ని పట్టుకుని ఉన్న సముద్రపు నేలే వదులైపోతుందని భయం. అది మీ పిల్లల కాలం మాటండి.

రాజోలోడు:
అప్‌డేట్. శనివారం కూర్చుని ఆ రైల్‌రోడ్ మ్యాప్ తీశాం. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని నా పక్కనే. ఇంటి వెనక నాలుగు బావులు. రెండు మూసేసినవి, రెండు ఇంకా నడుస్తున్నాయి. కంప్రెసర్ దగ్గర్లో లేదు. ఉప్పునీటి బావి ఏడు మైళ్ల అవతల. సర్ఫేస్ వేవర్ ఉందో లేదో టైటిల్ కంపెనీ ఇంకా చెప్పలేదు. ఇంటి ఇన్సూరెన్స్‌లో భూకంపం రాదట, విడిగా కట్టాలట. ఎంతని అడిగితే అంత పెద్ద మొత్తం ఏమీ కాదు.

నాన్న ఆ ఉప్పునీటి బావి గుర్తు మీద వేలు పెట్టి, "దీని పక్కన ఉన్న ఇళ్లవాళ్లు ఎవర్రా?" అన్నారు. జూమ్ చేస్తే ఒక పశువుల షెడ్డు, రెండు మొబైల్ హోములు కనబడ్డాయి. ఆయన చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

మా ఆవిడ ఇంకా వంటగది గురించే మాట్లాడుతోంది.

ఇర్వింగ్ ఇల్లాలు:
ఏం నిర్ణయించుకున్నారు?

రాజోలోడు:
మేం ఆలోచిస్తుండగానే వేరేవాళ్లు ఎక్కువ ఆఫర్ ఇచ్చి పట్టుకుపోయారు. ఏజెంట్ చెప్పాడు, వాళ్లూ తెలుగువాళ్లేనట.

వాస్తుబాబు:
మెల్లగా అనండి అన్నా, ఆ తెలుగువాళ్లు మేమే అయ్యుండొచ్చు. ఆగ్నేయంలో ట్యాంకులు, తూర్పు ముఖం, వంటగదిలో పెద్ద ఐలాండ్, అదేనా? 😐 వేవర్ కాగితం ఎవర్ని అడగాలన్నారు మామా?